పోరస్ ఆస్ఫాల్ట్ రోడ్డులో వాన నీళ్లు ఎటు పోతాయి: మోడల్ మనమే కట్టుకునే పద్ధతి

పోరస్ ఆస్ఫాల్ట్, అంటే నీళ్లు దిగేలా సందులు వదిలి వేసిన తారు పొర, దాని మీద ట్యాంకర్ నీళ్లు వదిలితే రోడ్డు గటగటా తాగేసే వీడియోలు చాలామంది చూసే ఉంటారు. చూసిన ప్రతివాళ్లూ అడిగేది ఒకటే, ఇదేదో మన రోడ్లకి వేసేస్తే వానాకాలం కష్టాలు తీరిపోతాయి కదా అని. దానికి జవాబు చెప్పాలంటే లెక్క వెయ్యాలి, ఆ లెక్క భయపడేంత కష్టమేం కాదు, ఇంటర్ ఫిజిక్స్ గుర్తుంటే, ఎక్సెల్ వస్తే, ఓపికుంటే కొంచెం పైథాన్ కూడా తోడైతే ఒక ఆదివారం పూట అయిపోతుంది. కానీ మొదటి అడుగులోనే ఒక చోట దాదాపు అందరం తప్పు దారి పడతాం, నేనూ పడ్డా, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతా.

ల్యాబ్ రిపోర్టులో పర్మియబిలిటీ, అంటే నీళ్లు పొరలోంచి ఎంత తేలిగ్గా పోతాయో చెప్పే కె విలువ, సెకనుకి 1 సెం.మీ. అని ఉందనుకోండి. కొత్త పోరస్ మిక్స్‌కి ఇది మామూలే. దాన్ని గంటకి మార్చి చూస్తే 36,000 మి.మీ. వస్తుంది. మనకి కుంభవృష్టి అంటే గంటకి 100 మి.మీ., మరి 36,000 ఎక్కడ 100 ఎక్కడ, ఇంకేముంది ఎంత వానైనా మింగేస్తుంది అని రాసేస్తాం. నా మొదటి రిపోర్టులో సరిగ్గా ఇదే రాశా, మా గైడ్ గారు ఒకే ఒక్క ప్రశ్న వేశారు, "మింగిన నీళ్లు తర్వాత ఎటు పోతాయి బాబూ?" అని. ఆ ప్రశ్నే మొత్తం మోడల్.

ఎందుకంటే హైవే మీద వేసే పోరస్ ఆస్ఫాల్ట్ చాలా పల్చటి పొర, 25 నుంచి 50 మి.మీ. అంతే. దాని కింద మామూలు గట్టి తారు పొర ఉంటుంది, అందులోంచి నీళ్లు దిగవు, దిగకూడదు కూడా. అంటే వాన చుక్క పైనుంచి 5 సెం.మీ. దిగడానికి ఇబ్బందేం లేదు, క్షణాల్లో దిగిపోతుంది. ఆ తర్వాత మాత్రం ఆ పల్చటి పొరలోనే, కంకర సందుల్లోంచి, 7 మీటర్లు పక్కకి పాక్కుంటూ రోడ్డు అంచు దాకా పోవాలి, తోసేది ఏంటంటే 100కి 2.5 వంతున ఉన్న క్యాంబర్, అంటే రోడ్డు అడ్డం వాలు, ఒక్కటే. నీటికి ఇరుకు ఉన్నది అక్కడ. కాబట్టి మనం మోడల్ చెయ్యాల్సింది దిగడాన్ని కాదు, పాకడాన్ని.

(పార్కింగ్ లాట్లలో వేసే రకం వేరు, దాని కింద అడుగు రెండడుగుల మందాన కంకర రిజర్వాయర్ ఉంటుంది, నీళ్లు అక్కడ నిలిచి మట్టిలోకి ఇంకుతాయి. దాని గురించి చివర్లో నాలుగు ముక్కలు చెప్తా. ఇక్కడ చెప్పేదంతా హైవే రకం గురించి.)

ముందు చేతిలో ఉండాల్సిన అంకెలు: పొర మందం, అందులో ఖాళీల శాతం, కె విలువ, క్యాంబర్, నీళ్లు నడవాల్సిన వెడల్పు, వాన తీవ్రత. ఈ గైడ్ అంతా ఒకటే ఉదాహరణ పట్టుకుని వెళ్తా, మీరు మీ అంకెలు పెట్టుకోండి. మందం 50 మి.మీ., ఖాళీలు 20 శాతం, కె సెకనుకి 1 సెం.మీ., వాలు 2.5 శాతం, వెడల్పు 7 మీటర్లు, అంటే మన 3.5 మీటర్ల లేన్లు రెండు, డివైడర్ వైపు నుంచి షోల్డర్ (రోడ్డు పక్క అంచు) వైపుకి వాలు.

వీటిలో మందం, వాలు, వెడల్పు డ్రాయింగ్‌లో దొరుకుతాయి. ఖాళీలు, కె మాత్రం కొలిచి తెచ్చుకోవాలి.

ఖాళీల విషయంలో గుర్తుపెట్టుకోవాల్సింది, మిక్స్ డిజైన్ షీట్‌లో ఉండేది మొత్తం ఖాళీలు, మనకి కావల్సింది ఒకదానితో ఒకటి కలిసి ఉన్న ఖాళీలు మాత్రమే. తారు చుట్టూ మూసుకుపోయిన బుడగలో నీళ్లు చేరవు కాబట్టి అది లెక్కలోకి రాదు. కొలవడం తేలిక. 150 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. మందం ఉన్న కోర్ (పొరలోంచి కోసి తీసిన గుండ్రటి ముక్క) తీసుకుంటే దాని ఘనపరిమాణం 884 ఘన సెం.మీ. ఆరబెట్టి తూయండి, 1,750 గ్రాములు వచ్చిందనుకుందాం. తర్వాత బకెట్ నీళ్లలో ముంచి కాసేపు వదిలెయ్యండి, మెల్లగా తట్టండి, పక్కల నుంచి సన్న బుడగలు గొలుసులా పైకొస్తాయి, అవి ఆగేదాకా ఆగండి, తొందరపడితే లోపల గాలి మిగిలి లెక్క తప్పుతుంది. అప్పుడు నీళ్లలో వేలాడదీసి తూస్తే 1,030 గ్రాములు అనుకుందాం. తేడా 720, అంటే నీళ్లు చొరబడని భాగం 720 ఘన సెం.మీ. 884లో 720 పోతే 164, అది 18.5 శాతం. షీట్ మీద 20 అని ఉన్నా మీ మోడల్‌లో 18.5 పెట్టుకోవాలి. (మన ఉదాహరణలో లెక్క తేలిగ్గా ఉంటుందని 20తోనే వెళ్తున్నా.)

కె కోసం ఫాలింగ్ హెడ్ టెస్ట్. కోర్‌ని అదే వ్యాసం ఉన్న గొట్టంలో నీళ్లు పక్కలకి కారకుండా బిగించి, పైన నీళ్లు నింపి, మట్టం ఒక గీత నుంచి ఇంకో గీతకి ఎన్ని సెకన్లలో దిగిందో చూడటమే. గొట్టం, కోర్ ఒకే వ్యాసం అయితే ఫార్ములా ఇంత చిన్నది:

కె = (కోర్ మందం ÷ సమయం) × లాగ్ (మొదటి మట్టం ÷ చివరి మట్టం)

లాగ్ అంటే నేచురల్ లాగ్. 30 సెం.మీ. నుంచి 10 సెం.మీ.కి 5 సెకన్లలో దిగితే కె సెకనుకి 1.1 సెం.మీ. వస్తుంది. కానీ ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, చాలామంది వదిలేస్తారు. ఈ టెస్టులో నీళ్లు చాలా వేగంగా దూసుకుపోతాయి, సందుల్లో సుడులు తిరుగుతాయి, వాలు ఎంత పెరిగితే నీటి వేగం అంత పెరుగుతుందని డార్సీ సూత్రం చెప్పే సరళ సంబంధం అక్కడ చెడిపోతుంది, కాబట్టి వచ్చే కె అసలు కన్నా తక్కువగా కనిపిస్తుంది. రోడ్డులో అయితే వాలు 2.5 శాతమే, నీళ్లు సెకనుకి పావు మిల్లీమీటర్ వేగంతో పోతాయి, సందు 2, 3 మి.మీ. అనుకుంటే రేనాల్డ్స్ నంబర్ (ప్రవాహం నిలకడగా ఉందో సుడులు తిరుగుతోందో చెప్పే అంకె) ఒకటి లోపే, డార్సీ హాయిగా పనిచేస్తుంది. అందుకని టెస్టులో కూడా వీలైనంత తక్కువ మట్టం తేడాతో, రెండు మూడు సెం.మీ.తో, ఇంకో రీడింగ్ తీసుకోండి. రెండూ బాగా తేడాగా వస్తే తక్కువ మట్టం దగ్గర వచ్చిందే వాడండి. ఇంకోటి, కోర్ టెస్ట్ కొలిచేది నిలువు కె, మనకి కావల్సింది అడ్డం కె. రోలర్ తొక్కిన పొరలో రెండూ ఒకటే అవ్వాలని లేదు, కాబట్టి వచ్చిన విలువకి సగం, రెట్టింపు కూడా పెట్టి మోడల్ రన్ చేసి చూడటం నా అలవాటు. నీళ్ల ఉష్ణోగ్రత కూడా రాసుకోండి, 20 డిగ్రీల దగ్గర తీసిన కె 30 డిగ్రీల నీళ్లకి దాదాపు పాతిక శాతం పెరుగుతుంది, వేడి నీళ్లు పల్చగా ఉంటాయి కాబట్టి.

ఇప్పుడు అసలు లెక్క, ముందు చేత్తో.

వాన ఒకే తీవ్రతతో చాలాసేపు పడుతోంది అనుకోండి. డివైడర్ నుంచి ఏదో ఒక దూరం దగ్గర పొరని అడ్డంగా కోసి చూస్తే, ఆ కోత దాటి పోవాల్సిన నీళ్లు ఎన్ని? పైన ఎంత దూరం మీద వాన పడిందో అన్నీ ఇటే రావాలి కాబట్టి, వాన తీవ్రత × దూరం. ఆ కోతలోంచి పోగలిగినవి ఎన్ని? కె × నీటి మందం × వాలు. రెండూ సమానం చేస్తే:

నీటి మందం = (వాన × దూరం) ÷ (కె × వాలు)

నీటి మందం పొర మందాన్ని ముట్టుకున్న చోట నీళ్లు పైకి తేలతాయి. అంటే:

తేలే దూరం = (కె × వాలు × పొర మందం) ÷ వాన

అన్నీ మీటర్లు సెకన్లలో పెట్టండి, తప్పులు ఎక్కువగా జరిగేది యూనిట్ల దగ్గరే. మన ఉదాహరణకి పైన ఉన్న లబ్ధం 0.01 × 0.025 × 0.05 = 0.0000125. గంటకి 50 మి.మీ. వాన అంటే సెకనుకి 0.0000139 మీటర్లు. భాగిస్తే 0.9 మీటర్లు. అంటే గంటకి 50 మి.మీ. వాన నిలకడగా పడితే డివైడర్ నుంచి తొమ్మిది పదుల సెంటీమీటర్ల దాకానే రోడ్డు పైభాగం నీళ్లు లేకుండా ఉంటుంది, మిగతా ఆరు మీటర్ల పైచిలుకు మీద నీళ్లు పైనే పారతాయి. గంటకి 20 మి.మీ. వానకి 2.25 మీటర్లు. ఏడు మీటర్లూ పూర్తిగా లోపలే పోవాలంటే వాన గంటకి 6.4 మి.మీ. దాటకూడదు. 36,000 అనుకున్నది 6.4 దగ్గర ఆగింది! ఈ అంకె మొదటిసారి వచ్చినప్పుడు నేను మూడుసార్లు మళ్లీ వేసి చూసుకున్నా.

ఇంకో విషయం, ఏఎస్‌టీఎం డీ7064 అనే అమెరికా ప్రమాణం ఇలాంటి మిక్స్‌కి ల్యాబ్‌లో రోజుకి కనీసం 100 మీటర్ల పర్మియబిలిటీ ఉండాలని సూచిస్తుంది. వినడానికి పెద్ద అంకె, కానీ సెకనుకి మారిస్తే 0.116 సెం.మీ., మన ఉదాహరణలో ఎనిమిదో వంతు కూడా లేదు. దాంతో ఏడు మీటర్లూ లోపలే పోయే వాన గంటకి 0.75 మి.మీ. మాత్రమే. టెస్ట్ పాస్ అయిందంటే డ్రైనేజీ పాస్ అయినట్టు కాదు అని ఎవరికైనా చెప్పాలంటే ఈ లెక్క చూపించండి.

అయితే ఈ చేతి లెక్కలో ఒకటి వదిలేశాం. లోపలి నీటి మట్టానికి కూడా సొంత వాలు ఉంటుంది. అంచు దగ్గర నీళ్లు బయటికి పడిపోతుంటే అక్కడ నీటి మందం సున్నాకి దిగుతుంది, ఆ దిగుడు వల్ల లోపల నీటికి అదనపు లాగుడు వస్తుంది. ఈ ప్రభావం ఎంత దూరం పాకుతుంది అంటే పొర మందాన్ని వాలుతో భాగించినంత, మన ఉదాహరణలో 0.05 ÷ 0.025, అంటే 2 మీటర్లు. ఏడు మీటర్ల రోడ్డులో రెండు మీటర్లంటే వదిలెయ్యగలిగింది కాదు. దాన్ని కూడా కలిపితే సమీకరణం ఇలా మారుతుంది:

వాన × దూరం = కె × నీటి మందం × (వాలు − నీటి మందం మారే రేటు)

దీన్ని విప్పితే రెండు మంచి సంగతులు తెలుస్తాయి. ఒకటి, గంటకి 6.4 మి.మీ. వానకి చేతి లెక్క 50 మి.మీ. నీటి మందం చెప్తే అసలు వచ్చేది 36 మి.మీ. మాత్రమే. అంచు తెరిచి ఉంటే గంటకి సుమారు 9.7 మి.మీ. వాన దాకా లోపలే పోతుంది. రెండోది నాకు ఇంకా ఇష్టమైనది, నీటి మందం అన్నిటికన్నా ఎక్కువ ఉండేది అంచు దగ్గర కాదు, అంచుకి రెండు రెండున్నర మీటర్ల ఇవతల. అంటే నీళ్లు మొదట తేలేది షోల్డర్ పక్కన కాదు, ఎడమ లేన్ మధ్యలో, లారీలు పోయే చోట. రోడ్డు పక్కన నిలబడి అంచు చూసి అంతా బాగానే ఉంది అనుకుంటే ఇది కనపడదు.

ఈ తరహా లెక్కని హైవేలకి పద్ధతిగా కట్టినవాళ్లలో టెక్సాస్ యూనివర్సిటీ, ఆస్టిన్ వాళ్లు ముఖ్యులు. షార్బెనో, బారెట్ 2008లో ఈ స్థిరస్థితి పరిష్కారం ప్రచురించారు, తర్వాత ఎక్‌తో కలిసి పెర్ఫ్‌కోడ్ అని ఒక ప్రోగ్రాం కట్టారు, అది పొర లోపలి పారుదలని, పైన పారే నీటి పొరని కలిపి లెక్కిస్తుంది. మనం ఇప్పుడు కట్టుకునేది దాని చిన్న తమ్ముడు లాంటిది.

పైథాన్‌లో కట్టడం

నిజం వాన ఒకే తీవ్రతతో పడదు కాబట్టి సమయంతో మారే మోడల్ కావాలి. ఏడు మీటర్లని 10 సెం.మీ. గదులుగా కోయండి, 70 గదులు. ప్రతి గదికి రెండు అంకెలు, పొర లోపల నీటి మందం, పైన తేలిన నీటి మందం. రెండూ సున్నాతో మొదలు. ఇక ప్రతి చిన్న సమయపు అడుగుకి చెయ్యాల్సింది ఇది.

ముందు పక్కపక్క గదుల మధ్య లోపలి ప్రవాహం. కె ని ఎగువ గదిలో ఉన్న నీటి మందంతో గుణించి, మళ్లీ (వాలు + రెండు గదుల నీటి మందాల తేడా ÷ 0.1)తో గుణించాలి. ఎగువ గది అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, సగటు తీసుకుంటే నీళ్లు పల్చగా ఉన్నప్పుడు, ఒక మిల్లీమీటర్ లాంటి చోట, అంకెలు పైకీ కిందకీ ఊగిపోయి నెగటివ్ నీటి మందాలు వస్తాయి. నా కోడ్ రెండు రోజులు దీనివల్లే ఆగిపోయింది.

తర్వాత వచ్చిన నీళ్లలోంచి పోయిన నీళ్లు తీసేసి, వాన కలిపి, ఖాళీల శాతంతో భాగించి నీటి మందాన్ని మార్చాలి. ఈ భాగహారం మర్చిపోవద్దు, 1 మి.మీ. వాన పొర లోపల 5 మి.మీ. ఎత్తు నిండుతుంది, ఎందుకంటే అయిదింట నాలుగు వంతులు రాయే కదా. నీటి మందం 50 మి.మీ. దాటితే దాటినంత భాగాన్ని మళ్లీ 0.2తో గుణించి పై నీటి ఖాతాలో వెయ్యండి. లోపల చోటు ఖాళీ అయితే పై నీళ్లు మళ్లీ లోపలికి దిగనివ్వండి.

పై నీళ్లకి మ్యానింగ్ సూత్రం (నీటి మందం, వాలు, గరుకుతనం నుంచి వేగం చెప్పేది) చాలు, రఫ్‌నెస్, అంటే గరుకుతనం, 0.015 దగ్గర మొదలుపెట్టండి. మొదటి గది ఎగువ వైపు గోడ, అంటే ప్రవాహం సున్నా. చివరి గది అంచు దగ్గర నీటి మందం సున్నా అని పెట్టండి, అది తెరిచి ఉన్న అంచు.

సమయపు అడుగు ఎంత? లోపలి ప్రవాహానికి 2 సెకన్ల దాకా తట్టుకుంటుంది (ఖాళీల శాతం × గది వెడల్పు వర్గం ÷ [2 × కె × పొర మందం], వేసి చూడండి). కానీ పై నీళ్లు చాలా వేగంగా పోతాయి, అక్కడ అర సెకను మించితే కోడ్ పేలిపోతుంది. కాబట్టి మొత్తానికి అర సెకను పెట్టేయండి, మూడు గంటల వానకి 21,600 అడుగులు, నంపై అనే పైథాన్ లైబ్రరీతో రాస్తే కొన్ని సెకన్లలో అయిపోతుంది.

రన్ అయింది కదా అని నమ్మెయ్యొద్దు. ఈ పరీక్షలు పెట్టండి. గంటకి 6.43 మి.మీ. వాన చాలా గంటలు ఇచ్చి చూస్తే గరిష్ఠ నీటి మందం 36 మి.మీ. చుట్టుపక్కల, డివైడర్ నుంచి 5 మీటర్ల దగ్గర రావాలి. గంటకి 50 మి.మీ. ఇస్తే చాలాసేపటి తర్వాత నీళ్లు తేలే చోటు 0.9 మీటర్ల దగ్గర స్థిరపడాలి. అదే వానకి, రోడ్డు మధ్యలో ఉన్న గది 12 నిమిషాలకి నిండాలి, ఎలాగంటే పొరలో ఖాళీ 50 × 0.2 = 10 మి.మీ., గంటకి 50 చొప్పున 10 నిండటానికి 12 నిమిషాలు. ఇంకా ముఖ్యమైనది నీటి ఖాతా. పడిన వాన మొత్తం = లోపల మిగిలింది + పైన మిగిలింది + అంచు లోంచి పోయింది + పైనుంచి పోయింది. ప్రతి రన్ చివర ఇది ప్రింట్ చేయించండి, వెయ్యిలో ఒక వంతు కన్నా తేడా వస్తే ఎక్కడో నీళ్లు కారుతున్నాయి, రోడ్డులో కాదు, కోడ్‌లో.

ఇప్పుడు మోడల్ చెప్పేది వినండి. లోపల నీళ్లు నడిచే వేగం కె × వాలు ÷ ఖాళీల శాతం, అంటే సెకనుకి 1.25 మి.మీ. ఏడు మీటర్లు నడవడానికి 5,600 సెకన్లు, గంటన్నర పైన. అంటే వాన వెలిశాక కూడా గంటన్నర దాకా రోడ్డు అంచు నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి, పైన మాత్రం ఆరినట్టు కనిపిస్తుంది. గంటకి 50 మి.మీ. వాన పది నిమిషాలు పడి ఆగిపోతే ఒక్క చుక్క కూడా పైకి తేలదు, అదే గంట సేపు పడితే అంచు దగ్గర పైన పారే నీటి మందం 0.88 మి.మీ., మామూలు తారు రోడ్డు మీద అయితే అదే సూత్రంతో 0.95. తేడా పది శాతం కూడా లేదు!

మరి ఇదెందుకు వేస్తున్నారు అంటే, గంటకి అయిదు ఆరు మి.మీ. వాన గంటల తరబడి పడే చోట ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మామూలు రోడ్డంతా తడితో మెరుస్తుంటే దీని మీద నీటి పొరే ఉండదు, ముందు లారీ టైరు లేపే నీటి తుంపర అద్దం మీద పడదు. నెదర్లాండ్స్‌లో మెయిన్ హైవేల్లో 90 శాతం పైగా ఈ రకమే, అక్కడ జోఆబ్ అంటారు, వాళ్లు వేసుకున్నది టైర్ల చప్పుడు తగ్గడానికి, తుంపర తగ్గడానికి, వరదలు ఆపడానికి కాదు. పెద్ద వానలో కూడా దాని గరుకు పైభాగం టైరు కింద నీళ్లకి దారి ఇస్తుంది, అది విడిగా లాభమే, కానీ మ్యానింగ్ లెక్కలో అది కనిపించదు.

మన వానల సంగతి చూడండి. 2020 అక్టోబర్ 13న హైదరాబాద్ వాన గుర్తుంది కదా, ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెం.మీ. దాటింది. ఆ 300 మి.మీ.ని 24 గంటలకి సమానంగా పంచినా గంటకి 12.5 మి.మీ., మన పొర మోయగలిగే 9.7 కన్నా ఎక్కువే, నిజం వాన సమానంగా పడదు కాబట్టి అసలు గంటల్లో ఇంకెంతో ఎక్కువ. అందుకని మోడల్‌కి వాన ఇచ్చేటప్పుడు రోజు మొత్తం అంకె తెచ్చి 24తో భాగించకండి, దొరికితే 5 నిమిషాల డేటా, లేదంటే 15 నిమిషాలది పెట్టండి. ఖాళీ పొర మొదటి 10 మి.మీ. మింగుతుంది కాబట్టి వాన ఎలా మొదలైందన్నది చాలా తేడా తెస్తుంది.

దుమ్ము పేరుకోవడాన్ని కూడా మోడల్‌లో పెట్టాలి, లేకపోతే మీ ఫలితం రోడ్డు వేసిన మొదటి సంవత్సరానికే పనికొస్తుంది. కె ని మొత్తం తగ్గించేస్తే చాలదు. బళ్లు వేగంగా పోయే చోట టైర్లే సందుల్లోంచి దుమ్ముని పీల్చి బయటికి లాగుతాయి, బళ్లు పోని షోల్డర్ వైపే మూసుకుపోతుంది. నెదర్లాండ్స్‌లో అందుకే పక్క లేన్‌ని ప్రత్యేకంగా ప్రెషర్ నీళ్లతో కొట్టి, పీల్చి శుభ్రం చేస్తారు. మనకి సమస్య ఏంటంటే మూసుకుపోయేది సరిగ్గా దిగువన, పైనుంచి వచ్చే నీళ్లన్నీ దాటాల్సిన చోట. కోడ్‌లో గది గదికీ వేరే కె ఇవ్వండి, చివరి 2 మీటర్లకి సెకనుకి 0.1 సెం.మీ. పెట్టి చూడండి, రెండు గదుల మధ్య కె కి హార్మోనిక్ సగటు తీసుకోండి, మామూలు సగటు తీసుకుంటే మూసుకుపోయిన గది తెరుచుకున్నట్టు చూపిస్తుంది. ఫలితం, పైన అయిదు మీటర్లు కొత్తదానిలా ఉన్నా, నీళ్లన్నీ 5 మీటర్ల దగ్గరే పైకి లేస్తాయి.

లాంగిట్యూడినల్ వాలు, అంటే రోడ్డు పొడుగునా ఉండే వాలు, గురించి త్వరగా చెప్పేస్తా. రోడ్డు ఎత్తు ఎక్కుతుంటే నీళ్లు ఏటవాలుగా పోతాయి, 4 శాతం ఎత్తు, 2.5 శాతం క్యాంబర్ అయితే 7 మీటర్ల దారి 13.2 మీటర్లు అవుతుంది. అయ్యో దాదాపు రెట్టింపు అయింది అనుకుంటాం, కానీ వాలు కూడా సరిగ్గా అంతే రెట్లు పెరుగుతుంది, చేతి లెక్కలో రెండూ కొట్టుకుపోయి లోపలి నీటి మందం మారదు. పైన పారే నీళ్లకి మాత్రం మారుతుంది, మ్యానింగ్‌లో వాలుకి వర్గమూలమే ఉంది కాబట్టి మందం పెరుగుతుంది. ఇక మలుపుల్లో క్యాంబర్ ఒక వైపు నుంచి ఇంకో వైపుకి తిరిగే చోట అడ్డం వాలు సున్నా అయ్యే బిట్ ఒకటి ఉంటుంది, అక్కడ ఈ ఒక వరస గదుల మోడల్ పనికిరాదు, రెండు దిక్కుల గ్రిడ్ కావాలి. పెర్ఫ్‌కోడ్ లాంటివి కట్టింది అలాంటి చోట్ల కోసమే.

చివరి గది దగ్గర తెరిచిన అంచు అని పెట్టమన్నాను కదా, ఆ మాట రాసే ముందు వెళ్లి అంచు చూడండి. మేము ఒక చిన్న ట్రయల్ బిట్ దగ్గర 20 లీటర్ల క్యాన్ నీళ్లు అంచుకి మీటరు ఇవతల పోశాం, లెక్క ప్రకారం చదరపు మీటరు పొరలో 10 లీటర్లు పడతాయి, పావుగంటలో అంచు తడవాలి. అరగంట కూర్చున్నాం, ఎండ మాడ్చేస్తోంది, అంచు పొడిగానే ఉంది. దగ్గరికి వంగి చూస్తే షోల్డర్ వేసినప్పుడు పోసిన ఎర్రమట్టి పొర అంచుని పైదాకా కప్పేసి గట్టిపడిపోయింది, దాని మీద గరిక కూడా మొలిచింది. మాతో వచ్చిన మేస్త్రి గారు తాపీతో ఒక జానెడు మేర గీకారు, అంతే, కంకర సందుల్లోంచి నల్లటి నీళ్లు ముందు చెమర్చినట్టు, తర్వాత సన్నగా ధారగా కారాయి. అప్పటి నుంచి నేను ప్రతి రోడ్డుకి రెండు రన్‌లు చేస్తా, ఒకటి అంచు తెరిచి, ఒకటి చివరి గది దగ్గర లోపలి ప్రవాహం సున్నా పెట్టి, అంటే పూర్తిగా మూసేసి. మూసిన రన్‌లో ఎంత చిన్న వానకైనా నీళ్లు ఎడమ లేన్ మీద తేలతాయి, రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూపిస్తే షోల్డర్ మట్టి ఎక్కడిదాకా పోయాలో సైట్‌లో ఎవరికైనా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది.

ఇక పార్కింగ్ రకం. దానికి ఈ కోడ్ అక్కర్లేదు, అక్కడ ప్రయాణం నిలువుగానే, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ల ఎస్‌డబ్ల్యూఎంఎం అనే వాన నీటి ప్రోగ్రాం ఫ్రీగా దొరుకుతుంది, అందులో పర్మియబుల్ పేవ్‌మెంట్ అని రెడీగా ఉంది, పై పొర, కింద రిజర్వాయర్, డ్రెయిన్ పైపు అన్నీ ఇవ్వొచ్చు, క్లాగింగ్‌కి, అంటే సందులు మూసుకుపోవడానికి, కూడా ఒక గడి ఉంది. ఒక్క చోట జాగ్రత్త, అది అడిగేది వాయిడ్ రేషియో, మనం కొలిచింది పోరాసిటీ, అంటే ఖాళీల శాతం. వాయిడ్ రేషియో కోసం ఖాళీలని మొత్తంతో కాకుండా రాయి భాగంతో భాగించాలి, 20 శాతం పోరాసిటీ అయితే 0.2 ÷ 0.8, అంటే అక్కడ 0.25 టైప్ చెయ్యాలి. కింద రిజర్వాయర్ కంకరకి పోరాసిటీ 40 శాతం అయితే 0.67. అక్కడ నేరుగా 0.4 కొట్టేస్తే రిజర్వాయర్‌లో పట్టే నీళ్లు దాదాపు మూడో వంతు తగ్గిపోయి, కంకర అనవసరంగా ఎక్కువ తవ్వించాల్సి వస్తుంది.